ఒక్క తెర, పలు చేతులు: కలసి ఆడు కంప్యూటరు ఆటలకు అల్పవ్యయ సాధనములు

కంప్యూటరు ఆటలనగానే కాలక్షేపమని పెద్దలును, వినోదమని పిన్నలును తలచుట సహజము. అయితే ఆ ఆటలలో ఒక గట్టి శాస్త్రవిషయము ఇమిడియున్నది. ఆడు మనిషి చేతి కదలికను యంత్రమునకును, యంత్రపు సమాధానమును మనిషి కంటికి, చెవికిని అందజేయు ఏర్పాటును ఇంటర్‌ఫేసు అందురు. మౌసు, కీబోర్డు, తెర, స్పీకరు ఇవన్నియు దాని భాగములే. ఒంటరిగా ఆడునపుడు ఈ ఏర్పాటును గురించి మనము ఆలోచింపము. నలుగురు ఒకే యంత్రము ముందు కూర్చున్ననాడు మాత్రము మౌసు ఎవరి చేతిలో నుండవలెనను ప్రశ్న తప్పక పుట్టును. ఈ వ్యాసములో మేము ఆ ప్రశ్ననే ఎత్తుకొని, తక్కువ ఖర్చుతో, అలవాటు లేని సామగ్రితో, పలువురు కలసి ఆడదగిన సాధనములను ఎట్లు రూపొందింపవచ్చునో విద్యార్థినీ విద్యార్థులకు వివరింపదలచినాము.

మన ఇండ్లలోని పాత ఆటలు

పలువురు కలసి ఆడుట మనకు క్రొత్త కాదు. అష్టా చెమ్మా ఆటకు కావలసినదెల్ల నేలమీద సుద్దతో గీసిన అయిదు వరుసల గళ్లు, నాలుగు గవ్వలు మాత్రమే. గవ్వలు నాలుగును ఒకవైపున పడిన చెమ్మ, మరియొకవైపున పడిన అష్ట. ఒకరికి చింతగింజలు, ఒకరికి గాజుముక్కలు, ఒకరికి పుల్లలు, ఒకరికి గులకరాళ్లు కాయలగును. ఎవరి కాయ ఎవరిదో చూపుతోనే తెలియును. గుడ్డమీద ఆడు పచ్చీసు తెలుగు ఇండ్లలోను, ఉర్దూ ఇండ్లలోను ఒకే విధముగా ప్రీతిపాత్రమైనది. అందులో నలుగురు ఆడునపుడు ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జట్టగుదురు. ఒకరి కాయలు ఇంటికి చేరినంత మాత్రమున గెలుపు రాదు. జతగాని కాయలును చేరవలెను.

ఈ ఆటలలో మూడు లక్షణములను గమనింపవలెను. పలక ఒక్కటే, చేతులు పలు. ప్రతివారికి తమదైన గుర్తు కలదు. ఎవరు ఎప్పుడు ఆడవలెనో, ఎవరు ఎవరికి తోడో నియమమే నిర్ణయించును. కంప్యూటరు ఆటల సాధనములను రూపొందించువారు చేయవలసిన పనులు ఈ మూడే. తక్కినదంతయు తీగెలును, ప్రోగ్రామును.

తొలినాటి ఆటపెట్టెలు

తొలినాటి కంప్యూటరు ఆటలలో కొన్ని ఇద్దరు కలసి ఆడినవే అనుట విశేషము. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అను భౌతికశాస్త్రవేత్త, సందర్శకుల దినమునకై, ఆసిలోస్కోపు తెరమీద టెన్నిసు ఆటను చూపినాడు. ఆటగాండ్రిద్దరికి రెండు చిన్న పెట్టెలు ఇచ్చినాడు. ఒక్కొక్క పెట్టెకు త్రిప్పుటకు ఒక మర, నొక్కుటకు ఒక బొత్తాము మాత్రమే ఉండెడివి.

1962లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రస్సెల్ మొదలగు వారు పి.డి.పి.-1 యంత్రముపై స్పేస్‌వార్ అను ఆటను రచించినారు. ఆ యంత్రపు వెల సుమారు 1,20,000 డాలర్లు. అంత ఖరీదైన యంత్రముపై ఆటను మొదట దాని ముఖపలక మీది స్విచ్చులతోనే ఆడవలసివచ్చెను. చేతులు నొచ్చెడివి, పైగా తెరకు దగ్గరగా కూర్చున్నవారికి వీలు ఎక్కువ, రెండవవారికి తక్కువ. అప్పుడు రైలు నమూనాల క్లబ్బు సభ్యులైన అలన్ కోటొక్, బాబ్ సాండర్స్ అనువారు చెక్కముక్కలు, స్విచ్చులు కూర్చి, ఇద్దరికి రెండు చేతిపెట్టెలు తయారుచేసినారు. దానితో ఇద్దరి స్థానము సమానమైనది. యంత్రపు వెల లక్షలలో నున్నను, ఆటలో న్యాయమును తెచ్చినది చెక్కపెట్టె యనుట మన విద్యార్థులు గుర్తుంచుకొనదగిన విషయము.

మౌసు ఎవరి చేతిలో?

మన దేశములో ఈ న్యాయము వినోదమునకు మాత్రమే సంబంధించినది కాదు, చదువునకు సంబంధించినది. ఒక్కొక్క కంప్యూటరు చుట్టు అయిదారుగురు పిల్లలు మూగియుండు పాఠశాలలు మన రాష్ట్రములలో కోకొల్లలు. అట్టిచోట మౌసు పట్టుకొన్నవారు నేర్చుకొందురు, వెనుక నిలుచున్నవారు చూతురు. మౌసు సాధారణముగా గట్టిగా మాటలాడువారి చేతికి, పెద్దవారి చేతికి, ముందే ఇంటిలో కంప్యూటరు చూచినవారి చేతికి పోవును. బిడియపడువారు, అందులో తరచుగా బాలికలు, అంచున మిగిలిపోవుదురు.

బెంగుళూరులోని మైక్రోసాఫ్టు పరిశోధనశాలకు చెందిన ఉదయ్ సింగ్ పవార్, జయోజీత్ పాల్, కెంటారో టొయామా 2006లో ఈ సమస్యకు ఒక సులభోపాయమును ప్రకటించినారు. క్రొత్త కంప్యూటర్లు కొనలేనిచోట ఒకే కంప్యూటరుకు పలు మౌసులు తగిలించి, ప్రతి పిల్లవానికి తెరమీద తన రంగుగల బాణపుగుర్తు నిచ్చినారు. అష్టా చెమ్మాలో చింతగింజకు, గాజుముక్కకు ఉన్న భేదమే ఇక్కడ ఎరుపు బాణమునకు, పచ్చ బాణమునకు ఉన్నది.

2007లో వారే మరికొందరితో కలసి ఒక పరీక్షా ఫలితమును వెలువరించినారు. గ్రామీణ ప్రాంతపు పేద కుటుంబములకు చెందిన 238 మంది పిల్లలకు ఆంగ్ల పదములు నేర్పి పరీక్షించినారు. కొందరికి ఒక్కొక్కరికి ఒక్కొక్క కంప్యూటరు, కొందరికి పలువురికి ఒకే మౌసు, మరికొందరికి అయిదుగురికి అయిదు మౌసులతో ఒకే కంప్యూటరు ఏర్పాటుచేసినారు. మొత్తముమీద అయిదు మౌసుల పద్ధతిలోని పిల్లలు, ఒంటరిగా కంప్యూటరు దొరికిన పిల్లలతో సమానముగా పదములు నేర్చుకొన్నారు. ఒక యంత్రము అయిదింటి పని చేసినదన్నమాట. అదనపు ఖర్చు నాలుగు మౌసులు.

అందులోనే మరియొక ముఖ్యాంశము కలదు. పలు మౌసుల ఆటను వారు రెండు విధముల నడిపినారు. ఒకదానిలో పోటీకి, రెండవదానిలో సహకారమునకు ప్రోత్సాహముండెను. సాధనము ఒక్కటే అయినను ఈ రెంటి ఫలితములలోను, పిల్లల ప్రవర్తనలోను స్పష్టమైన తేడా కనిపించినది. బాలురు నేర్చుకొనిన తీరు పద్ధతిని బట్టి గణనీయముగా మారినది. బాలికలు అన్ని పద్ధతులలోను దాదాపు ఒకే రీతిగా నేర్చుకొన్నారు. కాబట్టి తీగెలు తగిలించుటతో పని ముగియదు. ఆట నియమమును కూడ సాధనములో భాగముగానే యెంచి రూపొందింపవలెను.

పలు మౌసులు పనిచేయు విధము

ఒక కంప్యూటరుకు రెండు మౌసులు తగిలించి చూచిన, రెండును ఒకే బాణమును లాగుచుండును. ఆపరేటింగ్ వ్యవస్థ అన్ని మౌసుల కదలికలను కలిపి ఒకటిగా చేయుటయే దీనికి కారణము. యంత్రమునకు మాత్రము ఏ కదలిక ఏ మౌసు నుండి వచ్చినదో తెలియును. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నుండి, ప్రతి సాధనపు కదలికను విడిగా చదువుకొను వసతి ప్రోగ్రాము రచించువారికి కలదు. లినక్సులో ప్రతి సాధనమునకు ఒక ఫైలు ఉండును. దానిని చదివిన చాలును. విద్యార్థి చేయవలసినది అసలు బాణమును దాచి, ప్రతి మౌసుకు ఒక బొమ్మను తానే గీయుట.

విద్యుత్తు విషయములో ఒక జాగ్రత్త వలయును. విడిగా కరెంటు లేని యు.ఎస్.బి. హబ్బు, కంప్యూటరు ఇచ్చు 500 మిల్లీ ఆంపియర్లనే పంచును. ఒక్కొక్క రంధ్రమునకు 100 చొప్పున నాలుగు సాధనములకు సరిపోవును. అంతకు మించిన కరెంటు గల హబ్బు కావలెను. సాధారణపు మౌసు గాని, హబ్బు గాని కొన్ని వందల రూపాయలకే సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని సి.టి.సి.లో దొరకును.

ఒకే కీబోర్డుపై ఇద్దరు ఆడునపుడు

మౌసుల కన్న చౌకయైనది ఉన్న కీబోర్డునే పంచుకొనుట. ఇందులో ఒక చిక్కు కలదు. ఒకరు మూడు మీటలు నొక్కియుంచినపుడు, రెండవవారి మీట పనిచేయదు. తన బొమ్మ ఎందుకు ఎగురలేదో తెలియక ఆటగాడు ప్రక్కవానిని అనుమానించును.

దోషము కీబోర్డు నిర్మాణములో నున్నది. సుమారు నూరు మీటలకు నూరు తీగెలు ఉండవు. మీటలను అడ్డ, నిలువు వరుసలుగా పేర్చి, ఇరవై ముప్పై తీగెలతో సరిపెట్టుదురు. నొక్కిన మీట అడ్డ తీగెను నిలువు తీగెకు కలుపును. దీర్ఘచతురస్రము యొక్క మూడు మూలలలోని మీటలను ఒకేమారు నొక్కినచో, విద్యుత్తు చుట్టుదారిన ప్రవహించి నాలుగవ మూలలోని మీట కూడ నొక్కినట్లే కనిపించును. ఆ మాయమీటను తప్పించుటకు చవక కీబోర్డులు మూడవ మీటనే లెక్కచేయకుండ విడుచును. షిఫ్టు, కంట్రోలు, ఆల్టు మీటలకు మాత్రము సాధారణముగా విడి ఏర్పాటు ఉండును. కనుక ఆటకు మీటలు నిర్ణయించుటకు ముందు, ఏయే మీటలు కలసి పనిచేయునో పట్టిక వ్రాసికొనవలెను. అంతకన్న మంచి మార్గము, ఒక్కొక్కరికి ఒక్కొక్క అంకెల మీటల పలకను ఇచ్చుట. ఎవరి పలక వారిదే గావున తగవుండదు.

అట్టముక్క, రేకు, స్టీలు గ్లాసు

పాడైన కీబోర్డును పారవేయరాదు. దానిని విప్పిన లోపల రెండు పలుచని ప్లాస్టిక్ పొరలు, ఒక మూల చిన్న సర్క్యూటు పలక కనబడును. ఆ పలక అంచున వరుసగా నున్న కొనలలో ఒక అడ్డ కొనను, ఒక నిలువు కొనను తీగెతో తాకించిన ఒక మీట నొక్కినట్లగును. ఆ కొనలకు పొడవైన తీగెలు అతికి, వాని చివర అట్టముక్కలకు అంటించిన అల్యూమినియం రేకులను తగిలించిన, పాదముతో తొక్కు మీట, మోచేతితో కొట్టు మీట, నేలమీద పరచు గళ్లచాప, ఏదైనను సిద్ధమగును. యు.ఎస్.బి. తీగెలో వచ్చునది 5 వోల్టులు మాత్రమే గావున ప్రమాదము లేదు. గోడ కరెంటుతో నేరుగా నడచు వస్తువులను మాత్రము విద్యార్థులు విప్పరాదు.

2012లో జే సిల్వర్, ఎరిక్ రోసెన్‌బామ్ అను పరిశోధకులు మేకీ మేకీ అను చిన్న పలకను వెలువరించినారు. అది కంప్యూటరుకు కీబోర్డు వలెనే తోచును. అత్యల్ప విద్యుత్తును కూడ గుర్తించునట్లు అందులో మెగా ఓముల నిరోధకములు వాడినందున, అరటిపండు, స్టీలు గ్లాసు, తడిమట్టి కూడ మీటలగును. ఒకరు భూతీగెను పట్టుకొని, వేరొకరు మీటతీగెను పట్టుకొని, ఇద్దరును చేతులు కలిపినచో వలయము పూర్తియై మీట మ్రోగును. చేయి కలిపినగాని సాగని ఆటకు ఇంతకన్న చక్కని సాధనము లేదు.

2018లో జపానుకు చెందిన నింటెండో సంస్థయే అట్టలు మడిచి చేయు పియానోను, గాలపు కర్రను అమ్మకమునకు పెట్టినది. అట్ట అవమానకరమైన సామగ్రి కాదని దీనివలన తెలియుచున్నది.

ఈ విద్య మన కళాశాల చుట్టుపట్ల ఉన్నవారికి తెలియనిది కాదు. 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలసిన ఈ బంజారా కొండల మీదను, పిమ్మట జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్‌లలోను, చిత్రముల సెట్టింగులు వేయు పనివారు ప్లైవుడ్, థర్మోకోలు, ప్లాస్టరుతో రాజసభలు నిలబెట్టినారు. వారి వద్ద మన విద్యార్థులు నేర్వదగినది చాల కలదు. భేదము ఒక్కటే. సెట్టింగు కెమెరా కంటికి నిలిచిన చాలును. ఆటసాధనము వేయిమార్లు కొట్టినను నిలువవలెను. కనుక రేకు అంటించిన చోట రెండుపొరల అట్ట వేయుట, తీగె అతుకు వద్ద లాగుడు పడకుండ ముడి వేయుట మరువరాదు.

చేతిలోని ఫోను

నేడు పలువురి చేతిలో నున్న ఫోను కూడ మంచి సాధనమే. ప్రయోగశాలలోని కంప్యూటరును చిన్న సర్వరుగా చేసి, అదే వై-ఫై లోని ఫోనులలో ఒక పుట తెరచినచో, ఆ పుటలోని బొత్తాములే ఆటపెట్టెలగును. ఇంటర్నెట్టు అక్కరలేదు. 2014లో వచ్చిన జాక్‌బాక్స్ పార్టీ ప్యాక్ అను ఆటల సంపుటి ఫోనులనే ఆటపెట్టెలుగా వాడినది. ప్రశ్నోత్తరముల ఆటకు, వంతుల ఆటకు ఇది బాగుగా సరిపోవును. క్షణములో తేలు పరుగు పందెములకు వై-ఫై ఆలస్యము అడ్డగును. అయితే ఫోను లేని విద్యార్థి ఒక్కరున్నను, మౌసు లేక అంచున నిలిచిన పిల్లవాని స్థితియే వారికి పట్టును. అట్టి తరగతిలో రేకు మీటయే మేలు.

రెండు లిపులు, చూపు లేని ఆటగాడు

మన కళాశాలలో తెలుగు, ఉర్దూ రెండును చదువువారున్నారు. ఇది సాధన రూపకల్పనకు ఒక చక్కని పాఠము. తెలుగు ఎడమ నుండి కుడికి నడచును, ఉర్దూ కుడి నుండి ఎడమకు. ‘తరువాతి పుట’ యను బాణము తెలుగు పాఠకునికి కుడివైపు, ఉర్దూ పాఠకునికి ఎడమవైపు చూపవలెను. ఒకే తెర ముందు ఇద్దరును కూర్చున్నపుడు ఏమి చేయవలెను? మాటలకు బదులు రంగును, ఆకారమును వాడవచ్చును. దిక్కును తెలుపు బాణములకు బదులు, పచ్చీసు గుడ్డ వలె నాలుగువైపులను సమానముగా చూచు పలకను గీయవచ్చును. ఎరుపు, పచ్చ భేదము తెలియనివారు కూడ ఉందురు గావున రంగుతోబాటు ఆకారమును మార్చుట అవసరము.

ఇంకొక మెట్టు ముందునకు పోవుదము. 1987లో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ బంజారా హిల్స్‌లోనే యున్నది. చిత్రనిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారి పేర నెలకొన్న ఆ సంస్థ, చికిత్సతో చూపు రానివారికి పునరావాస శిక్షణ కూడ ఇచ్చుచున్నది. చూపు లేని విద్యార్థియు, చూపుగల విద్యార్థియు సమానముగా ఆడదగిన ఆటను మన విద్యార్థులు ఎందుకు రూపొందింపరాదు? ఎడమ, కుడి స్పీకర్లలో ధ్వని ఏ వైపున వినబడినదో ఆ వైపు మీట తొక్కుట. గరుకు కాగితము, పూసలు, గుడ్డ అంటించిన మీటలను తడిమి గుర్తించుట. ఇట్టి నియమములతో కన్ను కన్న చెవి, వ్రేలు ముఖ్యమగును. చేతులు సరిగా కదలని ఆటగాండ్రకై 2018లో మైక్రోసాఫ్టు విడుదల చేసిన ఆటపెట్టెకు రెండు పెద్ద మీటలు, వెనుక వరుసగా 3.5 మి.మీ. రంధ్రములు కలవు. ఎవరికి తగిన స్విచ్చును వారు తగిలించుకొనవచ్చును. మన అట్టమీటలకు కూడ అట్టి ప్లగ్గులనే అతికినచో, ఒకరు చేసినది వేరొకరికి పనికివచ్చును.

విద్యార్థులకు అభ్యాసము

సాధనము తయారైన పిదప ఈ నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. మొదటిది, అందరును ఒకేమారు నొక్కినపుడు ప్రతివారి మీటయు పనిచేయుచున్నదా? రెండవది, ఎవరి గుర్తు ఎవరిదో చెప్పకయే తెలియుచున్నదా? మూడవది, చెడినచో పది నిమిషములలో అక్కడనే బాగుచేయవచ్చునా? నాలుగవది, అన్నింటికన్న ముఖ్యమైనది, పావుగంట ఆట ముగియుసరికి ఒక్కొక్కరు ఎన్నిమార్లు ఆడినారు? ఒకరు కాగితముపై గీతలు గీయుచు లెక్కింపవలెను. అందరికన్న తక్కువ గీతలు ఎవరివో చూచి, వారి సంఖ్య పెరుగునట్లు నియమమునో మీటనో మార్చి, మరల ఆడింపవలెను. వేగముగా నొక్కినవారే గెలుచు నియమమును తీసివేసి, జట్టులోని అందరును ఒప్పుకొన్నగాని ముందునకు సాగని నియమమును పెట్టి పోల్చి చూడవలెను.

కళాశాల సంఘమువారికి విన్నపము

ఈ పనికి పెద్ద నిధులు అక్కరలేదు. కోఠీ గుజరాతీ గల్లీలో తీగెలు, స్విచ్చులు, ప్లగ్గులు దొరకును. ఎర్రగడ్డ ఆదివారపు సంతలో పాత కీబోర్డులు దొరకును. అట్ట, రేకు ప్రతి ఇంట నున్నవే. మెరుగైన నమూనా చేయదలచినవారికి, 2023 మార్చి 2న రాయదుర్గములో ప్రారంభింపబడిన టి-వర్క్స్ కేంద్రములో కోతయంత్రములు, సర్క్యూటు పలకలు చేయు యంత్రములు కలవు.

సంఘము పెద్దలను మేము కోరునవి మూడు. కాలము చెల్లినవని వేలమునకు తీయు కీబోర్డులను, మౌసులను ముందుగా విద్యార్థులకు అప్పగింపుడు. ప్రయోగశాలలో ప్రతి కంప్యూటరుకు నాలుగు మౌసులును ఒక హబ్బును ఉండునట్లు వచ్చు సంవత్సరపు ఖర్చులో చేర్పుడు. వార్షికోత్సవమునాడు విద్యార్థులు చేసిన ఆటలకు ఒక గది కేటాయించి, ఇరుగుపొరుగు పాఠశాలల పిల్లలను, చూపు లేని పిల్లలను కూడ ఆడుటకు పిలువుడు. ఆనాడు ఆ గదిలో బహుమతి ఇవ్వదలచినచో, ఎక్కువ మార్కులు వచ్చిన ఆటకు గాక, ఎక్కువ మంది చేతులు పనిచేసిన ఆటకు ఇవ్వవలెనని మా మనవి.